వ్యాధి రాకముందే వైద్యం

'గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?' అని మన పెద్దలు అంటారు. చిన్న ప్రయత్నంతో తొలగిపోయే కష్టాన్ని నిర్లక్ష్యంతో పెంచుకొని, తరువాత దానికోసం పెద్ద ప్రయాసకు లోనుకావద్దని ఈ సామెత హెచ్చరిస్తుంది. ఈ మాట ఆరోగ్యానికి వర్తించినంతగా మరి దేనికీ వర్తించదు. అయినా మన వైద్యవ్యవస్థను నిశితంగా పరిశీలిస్తే, గోటికి దొరకని ధనం గొడ్డలికి సులభంగా దొరుకుతున్నట్లు తెలుస్తుంది. శస్త్రచికిత్సకు లక్షల రూపాయలు సమకూర్చే ఏర్పాట్లు ఉన్నాయి. ఆ శస్త్రచికిత్స అవసరమే రాకుండా చూసే పనికి అంతటి ఆదరణ లేదు. ఇలా ఎందుకు జరుగుతున్నది? దీనిని మార్చడానికి ఆరోగ్య బీమా సంస్థలు, వైద్యులు ఏమి చేయగలరు? ఈ విషయాలను తెలుసుకొందాం.

వ్యాధి నివారణ అనగానే మనకు టీకాలు గుర్తుకు వస్తాయి. నిజానికి నివారణకు మూడు దశలున్నాయి. వ్యాధి అసలు రాకుండా చూడటం మొదటి దశ. పరిశుభ్రమైన త్రాగునీరు, సమతులాహారం, వ్యాయామం, పొగాకుకు దూరంగా ఉండటం, టీకాలు ఈ కోవకు చెందుతాయి. వచ్చిన వ్యాధిని లక్షణాలు బయటపడకముందే పరీక్షల ద్వారా కనిపెట్టడం రెండవ దశ. ఉన్న వ్యాధి ముదిరి ఇతర అవయవాలను దెబ్బతీయకుండా అదుపులో ఉంచడం మూడవ దశ. ఈ మూడింటికీ మూలస్థానం ప్రాథమిక వైద్యం. అనగా, ఇంటికి దగ్గరలో ఉండి, మనిషిని ఏళ్ల తరబడి ఎరిగి, చిన్న అనారోగ్యాలకు తానే చికిత్స చేసి, అవసరమైనప్పుడు పెద్ద ఆసుపత్రికి పంపే వైద్యుడు, ఆయనకు తోడుగా ఉండే ఆరోగ్య సిబ్బంది అందించే సేవ.

ఒక ఉదాహరణ తీసుకొందాం. నలభై ఏళ్ల రైతు ఒకరికి అధిక రక్తపోటు ఉన్నదనుకొందాం. ఆయనకు తలనొప్పి లేదు, నీరసం లేదు. రోజూ పొలానికి వెళ్లి వస్తున్నాడు. అధిక రక్తపోటు సాధారణంగా ఏ బాధా కలిగించదు కావున తనకు వ్యాధి ఉన్నట్లే ఆయనకు తెలియదు. చేతికి పట్టీ చుట్టి చూసే చిన్న పరికరంతో కొద్ది నిమిషాలలో దానిని కనిపెట్టవచ్చు. ఆహారంలో ఉప్పు తగ్గించి, రోజుకు కొద్ది రూపాయలకు దొరికే మాత్ర క్రమం తప్పక వేసుకొంటే చాలామందిలో అది అదుపులో ఉంటుంది. కనిపెట్టకపోతే పది పదిహేనేళ్లలో అది రక్తనాళాలను, గుండెను, మూత్రపిండాలను, మెదడును దెబ్బతీస్తుంది. ఒకనాడు పక్షవాతమో గుండెపోటో వచ్చి ఆయన ఆసుపత్రిలో చేరుతాడు. మూత్రపిండాలు చెడిపోతే వారానికి రెండు మూడు పర్యాయాలు, ప్రతిసారి దాదాపు నాలుగు గంటలపాటు డయాలసిస్ యంత్రానికి అంటిపెట్టుకొని ఉండాలి. అప్పుడు బీమా పథకం ఆసుపత్రి ఖర్చును చెల్లించవచ్చు. కాని పోయిన పనిదినాలను, పడిపోయిన చేతి శక్తిని, చదువు మానుకొన్న పిల్లల భవిష్యత్తును ఏ బీమా తిరిగి ఇవ్వలేదు.

ఇది ఏ ఒక్క రైతు కథో కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతో బాధపడుతున్నారు. మరో 13.6 కోట్ల మంది మధుమేహానికి ముందుదశలో ఉన్నారు. అధిక రక్తపోటు గలవారు 31 కోట్లకు పైగా ఉన్నారు. ఇంతమందికీ వ్యాధి ముదిరిన తరువాత ఆసుపత్రులలో చికిత్స చేయడం ఎంత సంపన్న దేశానికైనా అసాధ్యం. మధుమేహానికి ముందుదశలో ఉన్నవారిని ఆ దశలోనే ఆపగలిగితే కోట్ల కుటుంబాలు ఒడ్డున పడతాయి.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1943లో, సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1946లో తన నివేదికను సమర్పించింది. చికిత్సను, నివారణను వేరుచేయరాదనీ, రెండూ ఒకే చోట ప్రజలకు అందాలనీ ఆ సంఘం సూచించింది. డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరూ వైద్యానికి దూరం కారాదని కూడా స్పష్టం చేసింది. తరువాత మన గ్రామాలలో వెలసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఆ నివేదికే బీజం. 1978లో ఆల్మా అటా నగరంలో ప్రపంచ దేశాలు సమావేశమై, అందరికీ ఆరోగ్యం లభించడానికి ప్రాథమిక ఆరోగ్య సేవయే కీలకమని ప్రకటించాయి. సిద్ధాంతం విషయంలో ఇంత ఏకాభిప్రాయం ఉన్నా ఆచరణలో నివారణ వెనుకబడింది. దీనికి ఒక ముఖ్య కారణం వైద్యానికి డబ్బు చెల్లించే పద్ధతిలో ఉన్నది.

బీమా అంటే ఏమిటో ముందుగా గ్రహించాలి. ఎవరికి ఎప్పుడు ఆపద వస్తుందో తెలియదు కాబట్టి అందరూ కొంత సొమ్మును ఒకచోట చేర్చుతారు. ఆపద వచ్చినవారికి ఆ నిధి నుండి సహాయం అందుతుంది. పదిమంది భారం పంచుకోవడం వల్ల ఒక్కరి నడుం విరగదు. ఇది ఉదాత్తమైన భావన. అయితే ఈ ఏర్పాటు పెద్ద ఆపదలను దృష్టిలో పెట్టుకొని రూపొందింది. అందుచేత మన దేశంలో ఆరోగ్య బీమా అంటే చాలాకాలం ఆసుపత్రిలో చేరినవారికి ఖర్చు చెల్లించడమే అనే అర్థం స్థిరపడింది. వైద్యునితో పావుగంట మాట్లాడి సలహా పొందడం, రక్తపరీక్ష చేయించుకోవడం, నెలనెలా మాత్రలు కొనుక్కోవడం వంటివి సాధారణంగా దాని పరిధిలోకి రాలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం ఇందుకు మంచి నిదర్శనం. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ఇది మొదలైంది. తెల్ల రేషన్ కార్డు గల కుటుంబాలు గుండె శస్త్రచికిత్స, క్యాన్సర్ చికిత్స వంటి ఖరీదైన వైద్యాన్ని పెద్ద ఆసుపత్రులలో రూపాయి చెల్లించకుండా పొందే అవకాశం కలిగింది. భూమి అమ్ముకొని, అప్పులపాలై వైద్యం చేయించుకొనే నిరుపేదలకు ఆ పథకం అండగా నిలిచింది. రాష్ట్ర విభజన తరువాత కూడా రెండు రాష్ట్రాలూ దానిని కొనసాగించాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఇచ్చే పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో అది డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అనే పేరు పొందింది.

ఇటువంటి పథకం ప్రాణాలను నిలుపుతుందనడంలో సందేహం లేదు. కాని దాని చూపు ప్రధానంగా వ్యాధి చివరి దశపై ఉంటుంది. గుండె రక్తనాళం పూడుకుపోయినప్పుడు నిధి తలుపు తెరుచుకొంటుంది. పూడుకుపోవడానికి ముందున్న ఇరవై ఏళ్లూ ఆ తలుపు మూసే ఉంటుంది. 2018 సెప్టెంబరు 23న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చులను భరిస్తుంది. ఆసుపత్రిలో చేరడానికి ముందు మూడు రోజులు, ఇంటికి వెళ్లిన తరువాత పదిహేను రోజుల ఖర్చు అందులో చేరి ఉంటుంది. అంతకు ముందు, ఆ తరువాత రోగిని చూసుకోవలసినది ప్రాథమిక వైద్యమే. అది బలహీనంగా ఉంటే శస్త్రచికిత్స చేయించుకొన్న మనిషి మాత్రలు మానివేసి మళ్లీ అదే ఆసుపత్రికి చేరుతాడు.

ఇక వైద్యుని వైపు నుండి ఆలోచిద్దాం. చేసిన ప్రతి పనికీ రుసుము లభించే పద్ధతిలో పని పెరిగితే ఆదాయం పెరుగుతుంది. రోగి ఆరోగ్యంగా ఉంటే వైద్యునికి ఆదాయం రాదు. రోగితో కూర్చొని ఆహారం గురించి, పొగ మానడం గురించి అరగంట మాట్లాడే వైద్యునికి దక్కేదానికంటే, అదే సమయంలో నాలుగు పరీక్షలు వ్రాసిన వైద్యునికి దక్కేది ఎక్కువ. ఇందులో వ్యక్తుల దోషంకంటే పద్ధతి దోషమే అధికం. మంచి మనసు గల వైద్యుడు సైతం ఏటికి ఎదురీదవలసి వస్తున్నది. కావున నివారణ వైద్యం వర్ధిల్లాలంటే మనుషులకు నీతి బోధిస్తే చాలదు. చెల్లింపు పద్ధతిని కూడా సరిచేయాలి.

ఈ దిశగా కొన్ని దేశాలు చేసిన ప్రయత్నాలు గమనించదగినవి. థాయిలాండ్ 2002లో ప్రజలందరికీ ఆరోగ్య రక్షణ కల్పించే పథకాన్ని చేపట్టింది. ఒక్కొక్క ప్రాంతంలోని ప్రజలను దగ్గరలోని ఆరోగ్య కేంద్రాల సముదాయం వద్ద నమోదు చేసి, బయటి రోగుల సేవలకు, వ్యాధి నివారణకు తలకింత అని ముందుగానే సొమ్ము కేటాయించింది. దీనిని తలసరి చెల్లింపు పద్ధతి అంటారు. రోగులు పెరిగినంత మాత్రాన అక్కడ ఆదాయం పెరగదు. ప్రజలు ఆరోగ్యంగా ఉంటే ఆ కేంద్రానికి భారం తగ్గుతుంది. అయితే ఈ పథకానికి చాలా ముందునుండే ఆ దేశం జిల్లా ఆసుపత్రులను, గ్రామ ఆరోగ్య కేంద్రాలను నిర్మించుకొన్నది. యువ వైద్యులు గ్రామాలలో పనిచేసేటట్లు నియమం చేసింది. పునాది వేసిన తరువాతనే ఇల్లు కట్టిందన్నమాట.

బ్రిటన్ మరొక మార్గాన్ని అనుసరించింది. అక్కడి కుటుంబ వైద్యులకు 2004 నుండి సేవల నాణ్యతను బట్టి కొంత అదనపు ఆదాయం ఇవ్వడం మొదలుపెట్టింది. రక్తపోటు అదుపులో ఉన్న రోగులు ఎందరు, మధుమేహ రోగులకు క్రమంగా పరీక్షలు జరుగుతున్నాయా మొదలైన వందకు పైగా ప్రమాణాలను నిర్ణయించింది. తత్ఫలితంగా రోగుల వివరాల నమోదు, దీర్ఘవ్యాధుల పర్యవేక్షణ మెరుగుపడ్డాయి. కాని మరొక సంగతి కూడా బయటపడింది. డబ్బు ముడిపెట్టని కొన్ని అంశాలలో నాణ్యత తగ్గింది. రోగి ఎప్పుడూ ఒకే వైద్యుని వద్దకు వెళ్లే అవకాశం కూడా కొంత తగ్గింది. కొలిచినదే పెరుగుతుంది, కొలవనిది మరుగున పడుతుంది అనే సత్యాన్ని ఈ అనుభవం చాటి చెప్పింది. ప్రోత్సాహకం అవసరమే. అయితే అదే సర్వస్వం కారాదు.

నాణ్యత అనే మాటకు మన దేశంలోనే ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. 2017 నవంబరులో అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఐదు రాష్ట్రాలలో ప్రారంభమైంది. వాటిలో తెలంగాణ ఒకటి. ఈ కార్యక్రమంలో గొప్ప యంత్రాలేవీ లేవు. ఏ దశలో ఏ మందు, ఎంత మోతాదులో ఇవ్వాలో తెలిపే సరళమైన పద్ధతిని వైద్యులందరూ పాటించారు. ఆరోగ్య కేంద్రాలలో మందులు నిండుకోకుండా చూశారు. నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు పనిని పంచుకొన్నారు. ఇంటికి దగ్గరలోనే మందులు ఇచ్చారు. ప్రతి రోగి వివరాలనూ నమోదు చేసి, తిరిగి రానివారిని గుర్తించి పిలిపించారు. చికిత్స పొందుతున్నవారిలో దాదాపు సగం మందికి రక్తపోటు అదుపులోకి వచ్చింది. 2022లో ఈ కార్యక్రమానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది. క్రమబద్ధమైన చిన్న పనులు నిరంతరంగా జరగడమే నాణ్యత అని దీనినుండి గ్రహించవచ్చు.

ఈ అనుభవాల వెలుగులో బీమా సంస్థలు చేయదగిన పనులు కొన్ని స్పష్టమవుతాయి. మొదటిది, ఆసుపత్రిలో చేరకుండా పొందే వైద్య సలహా, అవసరమైన పరీక్షలు, దీర్ఘవ్యాధులకు వాడే మందులు బీమా పరిధిలోకి రావాలి. రెండవది, ప్రాథమిక వైద్యునికి తలసరి చెల్లింపు చేస్తూ, దానికి తోడుగా రక్తపోటు, మధుమేహం అదుపు వంటి కొద్దిపాటి ప్రమాణాల ఆధారంగా ప్రోత్సాహకం ఇవ్వాలి. మూడవది, తన వద్ద ఉన్న సమాచారాన్ని మేలుకు వినియోగించాలి. గుండెపోటుతో చికిత్స పొందిన వ్యక్తి ఆరు నెలలుగా వైద్యుని చూడలేదని బీమా సంస్థకు తెలిస్తే, ఆయనకు గుర్తుచేయడం దాని ధర్మం. నాలుగవది, ఆరోగ్యకరమైన అలవాట్లు పాటించేవారికి ప్రీమియంలో రాయితీ ఇవ్వవచ్చు. మన దేశపు బీమా నియంత్రణ సంస్థ 2020లో జారీచేసిన మార్గదర్శకాలు ఇందుకు వీలు కల్పించాయి.

అయితే ఒక చిక్కు ఉన్నది. ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా ఏటేటా కొత్తవి చేసుకొనేవి. 2011 నుండి ఒక సంస్థ పాలసీని మరొక సంస్థకు మార్చుకొనే సౌకర్యం కూడా ఉన్నది. ఇది వినియోగదారునికి మేలుచేసే హక్కు. కాని నేడు రక్తపోటు అదుపుకు ఒక సంస్థ ఖర్చు చేస్తే, పదేళ్ల తరువాత తప్పిన పక్షవాతం వల్ల కలిగే లాభం మరొక సంస్థకు దక్కవచ్చు. నాటినవారు ఒకరు, ఫలం పొందేవారు ఒకరు. అందువల్ల లాభమే లక్ష్యంగా గల సంస్థ నివారణపై ఖర్చు పెట్టడానికి వెనుకాడుతుంది. ఈ లోటును పూరించగలిగినది ప్రభుత్వం. పౌరుని బాధ్యత పుట్టుక నుండి తుదివరకు ప్రభుత్వానికి ఉంటుంది కాబట్టి నివారణ ఫలం చివరకు దానికే చేరుతుంది. ఆసుపత్రి బిల్లులు చెల్లించే ప్రభుత్వ పథకాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వేర్వేరు దారులలో నడవకుండా ఒకే తాటిపైకి రావలసిన ఆవశ్యకత ఇక్కడే కనిపిస్తుంది.

ఆ దిశగా కొన్ని అడుగులు పడ్డాయి. 2018లో ఆయుష్మాన్ భారత్ క్రింద గ్రామాలలోని ఉపకేంద్రాలను ఆరోగ్య, స్వస్థత కేంద్రాలుగా తీర్చిదిద్దడం మొదలైంది. 2023లో వీటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అని పేరు పెట్టారు. ముప్పై ఏళ్లు నిండినవారికి రక్తపోటు, మధుమేహం, నోటి, రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సర్ల పరీక్షలు జరపడం వీటి విధులలో ముఖ్యమైనది. హైదరాబాదులోని పేదల వాడలలో 2018లో బస్తీ దవాఖానాలు వెలిశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అమలులోకి వచ్చిన కుటుంబ వైద్యుని విధానం, వైద్యుడు నెలకు రెండుసార్లు గ్రామానికే వెళ్లి రోగులను చూడాలని నిర్దేశించింది. పొరుగున ఉన్న తమిళనాడు 2021లో రక్తపోటు, మధుమేహ రోగుల ఇళ్లకే మందులు చేర్చే పథకాన్ని ఆరంభించింది. ఇటువంటి పథకాలు పేరుకు మిగలక ఫలించాలంటే వైద్యుడు, మందు, నమోదు అనే మూడింటిలో ఏదీ లోపించరాదు.

వైద్యుల పాత్ర బీమా సంస్థల పాత్రకంటే తక్కువైనది కాదు. దగ్గుకు మందు కోసం వచ్చిన మనిషికి రక్తపోటు కూడా చూసే అలవాటు ఎన్నో ప్రాణాలను కాపాడుతుంది. రోగికి అర్థమయ్యే భాషలో వ్యాధిని వివరించి చెప్పే వైద్యుని మాట మందుతో సమానంగా పనిచేస్తుంది. "బాధ తగ్గినా ఈ మాత్ర మానకూడదు" అనే ఒక్క వాక్యాన్ని కారణంతో సహా చెప్పినప్పుడే రోగి దానిని పాటిస్తాడు. ప్రతి రోగికీ ఒక పత్రం ఉంచడం, గడువుకు రానివారిని ఆశా కార్యకర్త ద్వారా పిలిపించడం, అవసరం లేని పరీక్షలు, సూదిమందులు మానుకోవడం ఉత్తమ ప్రాథమిక వైద్యుని లక్షణాలు.

నివారణ పేరుతో జరిగే పొరపాట్ల పట్ల కూడా జాగ్రత్త అవసరం. ఏ బాధా లేనివారికి పదుల కొద్దీ పరీక్షలను ఒక కట్టగా అమ్మడం నివారణ కాదు. వయసును, కుటుంబ చరిత్రను, అలవాట్లను బట్టి అవసరమైన పరీక్షలే చేయాలి. అనవసర పరీక్షలు లేని భయాన్ని కలిగించి, మరిన్ని పరీక్షలకు దారితీస్తాయి. తలసరి చెల్లింపు పద్ధతిలో ఖర్చు మిగుల్చుకోవడానికి అవసరమైన చికిత్సను సైతం ఆపే ప్రమాదం ఉన్నది. రాయితీల పేరుతో ఆరోగ్యవంతులను చేరదీసి, వ్యాధిగ్రస్తులను దూరం పెట్టే సంస్థ బీమా ధర్మాన్నే విస్మరించినట్లు. వీటిని అరికట్టడానికి నిష్పాక్షికమైన పర్యవేక్షణ, రోగి ఫిర్యాదును ఆలకించే వ్యవస్థ ఉండాలి.

బీమా సంస్థ ధనాన్ని, వైద్యుడు జ్ఞానాన్ని, ప్రభుత్వం వ్యవస్థను సమకూర్చగలరు. ఈ మూడూ వ్యాధి చివరి దశలో గాక తొలి దశలోనే కలుసుకొన్నప్పుడు సామాన్యునికి నిజమైన రక్షణ లభిస్తుంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనే అలవాటు నుండి సమాజం బయటపడుతుంది. విద్యార్థులారా! మీ ఇంట ముప్పై ఏళ్లు దాటినవారు ఎందరో లెక్కించండి. వారిలో ఎందరికి తమ రక్తపోటు ఎంతో తెలుసునో అడగండి. తెలియనివారిని ఈ వారమే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెంటబెట్టుకొని వెళ్లండి. రూపాయి ఖర్చు లేని ఆ చిన్న ప్రయాణం రేపు ఒక కుటుంబాన్ని నిలబెట్టవచ్చు.